పిల్లలతో జాంబెజీ దాటిన వేళ

మే 11, లివింగ్‌స్టన్

మే నెలలో స్వెట్టర్లు సర్దుతుంటే మా అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తూ ఊరుకోలేకపోయారు. "ఇక్కడ రోళ్ళు పగిలే ఎండ. మీరేమో చలికోట్లు పెట్టెలో పెట్టుకుని, పసిపిల్లలను వెంటేసుకుని ఆఫ్రికాకు!" అన్నారు. జాంబియాలో మే అంటే వానలు వెనకబట్టి చలి తల ఎత్తే నెల. మధ్యాహ్నం పల్చటి చొక్కా చాలు, పొద్దు గుంకిందంటే దుప్పటి వెతుక్కోవలసిందే. అతిథిగృహంలో సంచి విప్పితే, హైదరాబాద్‌లో కరిగి ఉన్న నెయ్యి సీసాలో గట్టిగా పేరుకుని ఉంది.

బుజ్జికి ఏడేళ్ళు. పండుకు మూడు నిండి నాలుగో ఏడు నడుస్తోంది. ఇక్కడ మలేరియా ఉంది కాబట్టి డాక్టరు ఇద్దరికీ మాత్రలు రాసిచ్చారు. బుజ్జి గుటుక్కున మింగేస్తుంది. పండుకు మాత్రం పొడి చేసి, తేనెలో రంగరించి, వాడు ఏనుగుల గురించి ఏదో అడగడానికి నోరు తెరిచిన క్షణం చూసి వేయాలి. సింహాల కన్నా మొసళ్ళ కన్నా ఈ యాత్రలో నన్ను ఎక్కువ భయపెట్టింది రోజూ రాత్రి ఎనిమిదింటికి వేసే ఆ మాత్రే.

లివింగ్‌స్టన్ చిన్న ఊరు. 1935 దాకా ఉత్తర రొడీషియాకు, అంటే ఇప్పటి జాంబియాకు, ఇదే రాజధాని అంటే నమ్మబుద్ధి కాదు. ఒక్క పొడవాటి వీధి, దాని పేరు మోసి-ఓ-తున్యా రోడ్డు. దానికి అటూ ఇటూ రేకు కప్పుల పాత వరండాల భవనాలు, బ్యాంకులు, గుజరాతీల దుకాణాలు. ఆదివారం కావడంతో చాలావరకు మూసి ఉన్నాయి. స్థానికుల భోజనం దొరికే చోటొకటి ఉందని అతిథిగృహంలో చెబితే మా వారు ఫోనులో దారి పెట్టుకుని ముందు నడిచారు. ఫోను మమ్మల్ని తీసుకెళ్ళి ఒక చర్చి ఆవరణలో దింపింది.

అప్పుడే ప్రార్థన ముగిసి జనం బయటకు వస్తున్నారు. లోపల ఇంకా పాట సాగుతూనే ఉంది. వాద్యం ఏమీ లేదు, గొంతులే. దారి తప్పామని చెప్పేలోపే ఒక్కొక్కరూ వచ్చి పిల్లలకు చెయ్యి కలపడం మొదలుపెట్టారు. మాకు కాదు, ముందు పిల్లలకు. కుడి చెయ్యి చాచి, ఎడమ చేతిని మోచేతి దగ్గర ఆనించి, కొంచెం వంగి. ఆడవాళ్ళు కొందరు మోకాళ్ళు కూడా కాస్త వంచారు. బుజ్జి రెండు నిమిషాలు చూసింది, మూడో మనిషికల్లా అదే పద్ధతిలో ఎడమ చెయ్యి మోచేతికి ఆనించి చెయ్యి చాచింది. అక్కడున్న పెద్దావిడ పొంగిపోయి, దారి చెప్పి ఊరుకోకుండా, హోటలు దాకా మా వెంట నడిచి వచ్చింది. నీలం రంగు యూనిఫాం దుస్తుల్లో, తలకు తెల్ల గుడ్డతో, ఎండలో పావుగంట. ఆ నడక అవసరమే లేదు. ఎడమకు తిరగమంటే సరిపోయేది.

హోటలంటే నాలుగు బల్లలు. కూర్చోగానే ఒక అమ్మాయి చెంబుతో వేడినీళ్ళు, కింద పట్టడానికి బేసిన్ తెచ్చి, ఒక్కొక్కరి చేతుల మీద పోసింది. తరువాత తెల్లటి మొక్కజొన్న పిండి ముద్దలు వచ్చాయి. దీన్ని న్‌షిమా అంటారు. ఒక్కొక్క ముద్దా పొగలు కక్కుతూ ఉంది. కొంచెం తుంచి, అరచేతిలో ఉండ చేసి, బొటనవేలితో గుంట చేసి, ఆ గుంటతో కూరను ఎత్తుకోవాలి. కూర ఏదైనా ఇక్కడి వాళ్ళు రెలిష్ అనే అంటారు. వేరుశనగ పొడి వేసి వండిన ఆకుకూర ఇఫిసాషి, టమాటా ఉల్లిపాయలతో వేయించిన కపెంట అనే చిన్నచిన్న ఎండుచేపలు చెప్పాం. కపెంటను చూడగానే మా వారి ముఖం వెలిగిపోయింది. ఆయనది కాకినాడ. ఇవి అచ్చం మెత్తళ్ళే, కళ్ళతో తోకలతో సహా. పండు ఇఫిసాషి గిన్నె తన ముందుకు లాక్కుని ఇంకెవరినీ తిననివ్వలేదు. నలుగురికీ కలిపి 280 క్వాచాలు అయింది. మనకు క్వాచా మూడు రూపాయల పైచిలుకు పడింది కాబట్టి తొమ్మిది వందల లోపు.

మే 12, జలపాతం

విక్టోరియా జలపాతం గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. 1,708 మీటర్ల వెడల్పున జాంబెజీ నది మొత్తం వంద మీటర్లకు పైగా లోతున్న చీలికలోకి దూకుతుంది. దీనికి సాటి లేదన్నది నిజం. కాని ఏప్రిల్, మే నెలల్లో నీరు నిండుగా ఉన్నప్పుడు జాంబియా వైపు నుంచి వెళితే కనబడేది జలపాతం కాదు, తుంపర. పెద్దలకు తలా 20 డాలర్లు ఇచ్చి, గేటు దగ్గర అద్దె వానకోట్లు తొడుక్కుని, తెల్లటి పొగలోకి నడిచి వెళ్ళి, ఒళ్ళంతా తడిసి వచ్చాం. నైఫ్ ఎడ్జ్ అనే కాలిబాట వంతెన మీద నీళ్ళు పైనుంచే కాదు, కింది నుంచి కూడా కొడతాయి. పండును మా వారు వానకోటులోపల పొట్టకు అదుముకుని నడిచారు. ఆ వంతెన పొడవునా లోపలి నుంచి "మళ్ళీ, మళ్ళీ" అని కేకలు వినిపిస్తూనే ఉన్నాయి. వాడికి ఒక్క చుక్క తగల్లేదు కాబట్టి వాడికి అది ఆట. మాకు ఎదుట ఏముందో తెలియలేదు, చప్పుడు మాత్రం ఛాతీలో తెలిసింది. జలపాతం అంచులను కళ్ళారా చూడాలనుకునేవారు మరి కొన్ని నెలలు ఆగి రావడం మంచిది.

బబూన్లు మాత్రం తుంపరను లెక్కచేయవు. వాటి దృష్టంతా ప్లాస్టిక్ సంచుల మీదే. మా ముందు నడుస్తున్న ఒక జంట సంచిని ఒక పెద్ద మగ బబూన్ తాపీగా, తనదే అన్నట్టు అందుకుని, గోడెక్కి కూర్చుని బిస్కెట్ల పొట్లం చింపింది. దాని పద్ధతి చూసి బుజ్జి, "అది నమస్కారం చెప్పలేదు" అంది.

ఆ రాత్రి వైశాఖ పౌర్ణమి. నిండు పున్నమికి అటూ ఇటూ కొన్ని రాత్రులు పార్కు తెరిచి ఉంచుతారు, వెన్నెల ఇంద్రధనుస్సు చూడటానికి. పండు నిద్రపోయాడు, వాడి దగ్గర మా వారు ఉండిపోయారు, నేను బుజ్జిని తీసుకుని వెళ్ళాను. పగలు నన్ను విసిగించిన తుంపరే రాత్రి పనికొచ్చింది. చంద్రుడు వెనక ఉండగా, ఎదుట పొగలో బూడిద రంగు వంపు ఒకటి నిలబడి ఉంది. కంటికి రంగులు దాదాపు తెలియవు, కెమెరాలో చూస్తే ఎరుపు, ఆకుపచ్చ బయటపడతాయి. బుజ్జి కాసేపు చూసి, "దీనికి రంగులు వేయడం మరిచిపోయారా?" అని అడిగింది. టాక్సీలో నా ఒళ్ళో నిద్రపోయింది.

మే 13, కజుంగుల

ఈ ప్రయాణంలో టికెట్టు కొని చూసినవేవీ ఈ రోజుకు సరితూగలేదు. చూడటానికి ఏమీ లేని రోజు ఇది. లివింగ్‌స్టన్ నుంచి బోట్స్వానాలోని కసానెకు చేరాలి. దూరం ఎనభై కిలోమీటర్ల చిల్లర. మధ్యలో ఒక నది, ఒక వంతెన, ఒక సరిహద్దు.

డ్రైవరు యాభై ఏళ్ళ మనిషి, రాగి గనుల ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. బెంబా మాట్లాడతాడు. కారెక్కగానే పెద్దపిల్ల పేరేమిటని అడిగాడు. బుజ్జి అన్నాం. అప్పటి నుంచి నేను బనా బుజ్జిని, అంటే బుజ్జి అమ్మను. మా వారు బషి బుజ్జి, బుజ్జి నాన్న. తల్లిదండ్రులను పేరు పెట్టి పిలవడం వాళ్ళ మర్యాద కాదు. పండు మాత్రం అలిగాడు. తన పేరు ఎందుకు కలపలేదని దారంతా తగువు. చివరికి డ్రైవరు వాణ్ణి "బాస్" అని పిలిచి సర్దుబాటు చేశాడు.

దారిలో ఒక మలుపు దగ్గర ఆడవాళ్ళు ఉడకబెట్టిన వేరుశనగకాయలు అమ్ముతున్నారు. పంట చేతికొచ్చిన కాలం. చిన్న ప్లాస్టిక్ పొట్లం ఐదు క్వాచాలు. డ్రైవరు కారు ఆపాడు గాని వెంటనే బేరంలోకి దిగలేదు. ఎలా ఉన్నారు, ఇంట్లో ఎలా ఉన్నారు, మీరెలా ఉన్నారు అని ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి అయ్యాకే కాయలు చేతికి వచ్చాయి. మా వారు గడియారం చూసుకున్నారు. నేను నాలుగు పొట్లాలు కొన్నాను. పిల్లలు ఆ తొక్కలన్నీ కారులో పోస్తుంటే నాకు ప్రాణం చచ్చిపోయింది. డ్రైవరు అద్దంలో చూసి, "బనా బుజ్జీ, తొక్కలు లేని కారులో పిల్లలు లేరని అర్థం" అని, తనూ ఒక కాయ ఒలుచుకున్నాడు.

కజుంగుల దగ్గర పడేకొద్దీ లారీల వరుస మొదలైంది. కొన్నింటి మీద రాగి పలకల కట్టలు, పైన గొలుసులు. కాంగో, జాంబియా గనుల నుంచి బయలుదేరి దక్షిణాఫ్రికాలోని దర్బన్ రేవు దాకా వెళ్ళేవి వీటిలో ఉంటాయి. దర్బన్ పేరు చూస్తే మా వారికి వాళ్ళ తాతగారి మాటలు గుర్తొచ్చాయి. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో చెరకు తోటల కూలీలు దిగింది ఆ రేవులోనే, ఆ తరువాత వచ్చిన ఓడల్లో మన కోస్తా జిల్లాల నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళు ఎందరో. ఆ మాట పూర్తయ్యేలోపు పండు, "అమ్మా, ఒంటికి" అన్నాడు. చరిత్ర అక్కడితో ఆగింది. లారీ డ్రైవర్లు టీ కాచుకుంటున్న ఒక చెట్టు కింద దింపితే, వాళ్ళలో ఒకాయన లేచి అటు తిరిగి నిలబడి, మిగతావాళ్ళను కూడా అటు తిరగమని సైగ చేశాడు. మూడేళ్ళవాడికి అంత గౌరవం ఇంట్లో కూడా ఎవరూ ఇవ్వలేదు.

ఇక్కడ జాంబెజీలో ఒక చిత్రం ఉంది. జాంబియా, బోట్స్వానా, నమీబియా, జింబాబ్వే నాలుగు దేశాలూ ఈ నీళ్ళ దగ్గరే ఒకదాని భుజం ఒకటి రాసుకుంటాయి. జాంబియాకు, బోట్స్వానాకు మధ్య ఉన్న సరిహద్దు సుమారు నూట యాభై మీటర్లే. ఒకప్పుడు ఇక్కడ పంటు మీదే దాటేవారు. పంటు మీద ఒకటి రెండు లారీలు పడితే గొప్ప, మిగతావి రోజుల తరబడి ఒడ్డునే. 2021 మేలో 923 మీటర్ల వంతెన తెరిచారు. అది తిన్నగా పోదు, వంపు తిరిగి ఉంటుంది. తిన్నగా కడితే జింబాబ్వే నేల మీదికి పోతుంది, అందుకని దాన్ని తప్పించి వంచారు. మధ్యలో రైలు పట్టాల కోసం చోటు వదిలారు. వంతెన మీద కారు ఆపనివ్వరు. డ్రైవరు వేగం తగ్గించి, "ఎడమ వైపు చూడండి, కుడి వైపు చూడండి, అయిపోయింది" అన్నాడు. నాలుగు దేశాలు చూశానని బుజ్జి వేళ్ళు లెక్కపెట్టుకుంది.

రెండు దేశాల తనిఖీలూ ఒకే భవనంలో జరుగుతాయి. మేం వెళ్ళిన దిక్కున అది బోట్స్వానా ఒడ్డున ఉంది. లోపల వరుస. ముందు ఒక పెద్ద బస్సు ఖాళీ అయి ఉంది. పండుకు ఆకలి కాదు, దాహం కాదు, నిద్ర. నేల మీద పడుకుంటానని మొదలుపెట్టాడు, తరువాత గొంతెత్తాడు. భవనం మొత్తం మా వైపు తిరిగింది. మన దగ్గరైతే ఈపాటికి సలహాలు మొదలయ్యేవి. ఇక్కడ మా వెనక నిలబడ్డ ఒకావిడ తన మూట కిందికి దించి, ముడి విప్పి, అందులోంచి ఒక చితెంగె బట్ట లాగింది. ఆవిడ చితెంగెలు అమ్ముకోవడానికి కసానె వెళుతున్న వ్యాపారి. మూటనిండా మడతలే. నన్ను ఏమీ అడగలేదు. పండుతో రెండు మాటలు ఏవో అంది, నడుము దాకా వంగింది, వాణ్ణి వీపు మీదికి లాక్కుంది. బట్టను వాడి మీదుగా చంకల కింది నుంచి ముందుకు తెచ్చి, రొమ్ము పైన రెండు కొసలనూ బిగించి మెలిపెట్టి లోపలికి దోపింది. ఇదంతా అలా వంగి ఉండగానే. తరువాత నిటారుగా నిలబడి ఒక్కసారి ఎగరేసి సర్దుకుంది. నీలం మీద పసుపు కోడిపుంజుల బొమ్మల బట్ట. రెండు కాళ్ళూ బయటికి వేలాడుతూ, చెంప ఆవిడ వీపుకు ఆని, పండు పది అడుగుల వరుస జరిగేలోపు నిద్రపోయాడు.

ఇక దించడం ఎలా? దించితే లేస్తాడు. ఆవిడే వద్దంది. దాంతో మేం ముందూ, మా అబ్బాయితో ఆవిడ వెనకా, కిటికీ దాకా అలాగే వచ్చాం. మా వారు నాలుగు పాస్‌పోర్టులు, పిల్లల జనన ధ్రువపత్రాలు ఒక్కసారిగా కిటికీలోకి తోశారు. లోపల కూర్చున్న ఆవిడ వాటిని ముట్టుకోలేదు. మా వారి ముఖం చూసి నెమ్మదిగా, "దుమేలా, ర్రా" అని ఆగింది. మా వారు "అవును, నలుగురం" అన్నారు. ఆవిడ ఇంకా ఆగింది. కింది నుంచి బుజ్జి, కిటికీ అందక మునివేళ్ళ మీద లేచి, "దుమేలా, మ్మా!" అంది. కారులో డ్రైవరు నేర్పిన నమస్కారమే. ఆవిడ నవ్వి అప్పుడు పత్రాలు తీసుకుంది. బోట్స్వానాలో పిల్లలతో వెళితే జనన ధ్రువపత్రం తప్పనిసరిగా దగ్గర ఉంచుకోవాలి. మాది తెలుగులోను, ఇంగ్లీషులోను ఉంది. తెలుగు అక్షరాల మీద ఆవిడ వేలు గుండ్రంగా తిప్పి చూసింది. తరువాత తల ఎత్తి, "ఈ అబ్బాయి ఎక్కడ?" అంది. చూపించాం. "ఈ అబ్బాయి తల్లి ఎవరు?" అంది. నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి చితెంగె ఆవిడ, "ఇవ్వాళ నేనే" అంది. వరుస వరుసంతా నవ్వింది. ముద్ర పడింది.

తరువాత పశువైద్య తనిఖీ. బోట్స్వానా పశుమాంసం విదేశాలకు ఎగుమతి అవుతుంది, గాలికుంటు వ్యాధి అంటే వాళ్ళకు ప్రాణభయం. అందుకని మందు నీళ్ళలో తడిపిన పట్టా మీద అందరూ చెప్పులతో నిలబడాలి, సంచిలో ఉన్న మిగతా జోళ్ళు కూడా తీసి తొక్కించాలి. తడి పట్టా మీద గెంతమని ప్రభుత్వమే చెప్పడం బుజ్జి జీవితంలో మొదటిసారి. మూడు జతలూ వంతులవారీగా వేసుకుని గెంతింది. మాంసం ఉందా, పాలు ఉన్నాయా, పండ్లు ఉన్నాయా అని అడిగారు. ఉన్న ఒక్క పండూ పరాయి వీపు మీద నిద్రపోతున్నాడు. పాల దగ్గర మాత్రం నెయ్యి బయటపడింది. యువకుడైన అధికారి సీసా ఎత్తి చూశాడు, తలకిందులు చేశాడు. గట్టిగా ఉంది, కదల్లేదు. ఇది జున్నా, కొవ్వా, ముఖానికి రాసుకునేదా అని ఒక్కొక్కటే అడిగాడు. వెన్న కాచితే వచ్చేది అన్నాను. ఇంకొకాయనను పిలిచాడు. ఆయన మూత తీసి వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. "కాచారు కదా, పోనివ్వు" అని తీర్పు ఇచ్చాడు. మూత పెట్టడానికి ముందు మరోసారి వాసన చూశాడు.

బయటికి వచ్చాక పండును దించే వేళ వచ్చింది. ఆవిడ ముడి విప్పి నా భుజం మీదికి మార్చింది, వాడు కదల్లేదు. ఆ బట్ట నాకు కావాలన్నాను. 120 క్వాచాలు చెప్పింది. ఇంతసేపు స్నేహం అయింది కదా, తగ్గిస్తుందేమో అని మా వారు 100 అన్నారు. "ఈ బట్ట పనిచేస్తుందని మీ అబ్బాయే చూపించాడు. పనిచేసేదాని ధర పెరుగుతుంది" అంది. 120 ఇచ్చాం.

ఇవతలి వైపు నీలం నంబరు పలక ఉన్న బండే టాక్సీ. కసానెకు పది కిలోమీటర్లు ఉంటుంది, 100 పూలాలు అడిగాడు. పూలా మనకు ఆరు రూపాయల పైన పడింది. ఊరు వచ్చేసరికి టాక్సీ ఆగిపోయింది. ఇంజను కూడా ఆపేశాడు. ఎదురుగా సైకిలు మీద వస్తున్న కుర్రవాడు కూడా దిగి, సైకిలును ఒడ్డుకు జరిపి నిలబడ్డాడు. పొదల్లోంచి ఒక ఆడ ఏనుగు రోడ్డు మీదికి వచ్చింది, చెవులు విప్పి మా వైపు ఒకసారి చూసింది. వెనకే మరో అయిదు, మధ్యలో తొండం ఎలా వాడాలో ఇంకా తెలియని ఒక పిల్ల. దుమ్ము పట్టిన ముడతలు, తారు మీద పడే మెత్తటి అడుగులు. అంత బరువుకు చప్పుడే లేదు. కారులో ఎవరూ మాట్లాడలేదు. చివరిది దాటి పొదల్లో కలిశాక కూడా డ్రైవరు మరో నిమిషం ఆగాడు. "వెనకబడింది ఒకటి ఉంటుంది" అన్నాడు. ఉంది కూడా.

ఈ మొత్తం సేపు పండు నిద్రపోతూనే ఉన్నాడు. అతిథిగృహంలో లేచి, ఏనుగులు రోడ్డు దాటాయని అక్క చెప్పగానే, వాటిని వెనక్కి పిలవమని ఏడ్చాడు.

మే 14, కసానె

కసానె ఊరిలో అడవి పందులు మన ఊళ్ళలో మేకల్లాగే తిరుగుతాయి. ముందరి కాళ్ళ మోకాళ్ళ మీద వంగి, బ్యాంకు ముందున్న గడ్డి మేస్తాయి. చీకటి పడ్డాక బయట నడవవద్దని అతిథిగృహం గోడ మీద రాసి ఉంది. ఏనుగులు నది నుంచి ఊళ్ళోకి వస్తాయట. మేం పగలే ఒక కాలిబాట పట్టుకుని నది వైపు దిగుతుంటే, బట్టలు ఆరేస్తున్న ఒకావిడ కొయ్యదిమ్మలా నిలబడి అరిచింది. మొసళ్ళట. "పిల్లల ఎత్తు మంచిది కాదు" అంది, చెయ్యి నేలకు దగ్గరగా పెట్టి చూపిస్తూ. మొసలికి ఎంత ఎత్తు అనుకూలమో అంత వివరంగా చెప్పాక ఇంక దిగలేదు.

ఆ ఊరి పోలీసు స్టేషను దగ్గర ఒక పాత బావొబాబ్ చెట్టు చరిత్ర చెబుతారు. జైలు లేని రోజుల్లో దాని తొర్రను చెరసాలగా వాడారట. ఆ కథ విన్న తరువాత పండు మధ్యాహ్నం దాకా చెప్పిన మాట విన్నాడు.

పొద్దున టిఫిను బస్సుల అడ్డా దగ్గర. మగ్వీన్య అని గుండ్రటి పిండి ఉండలు నూనెలో వేయించి, పేపర్లో పెట్టి ఇస్తారు, ఒక్కోటి 3 పూలాలు. లోపల మెత్తగా, కాస్త తీపి. ఇక భోజనం దగ్గర మాకు కొంచెం చిక్కే. బోట్స్వానాలో విందంటే సెస్వా. ఉప్పు నీళ్ళలో గంటల తరబడి ఉడికించి దంచిన పశుమాంసం. మేం తినం అంటే వంటావిడ ఏమీ అనుకోలేదు, "అయితే కోడి" అంది. కోడి కూడా వద్దు, నాకు శాకాహారమే కావాలంటే మాత్రం ఆవిడ ముఖంలో జాలి కనిపించింది. నాకు మొరోగో అనే ఆకుకూర, చిక్కుళ్ళు, జొన్న పిండితో చేసిన బొగోబె పెట్టింది. ఆ పుల్లటి జొన్న ముద్ద చాలా బాగుంది. శాకాహారులు ఈ దేశంలో ఆకలితో ఉండరు, కాని ప్రతి పూటా వివరణ ఇచ్చుకోవాలి.

అడ్డా పక్కనే ఎండబెట్టిన ఫానె అమ్ముతున్నారు. మొపానె చెట్ల ఆకులు తినే గొంగళిపురుగులు. ఏప్రిల్‌లో ఏరి, కడుపులోని ఆకు పిండేసి, ఉప్పునీళ్ళలో ఉడికించి ఎండబెడతారు. కప్పుతో కొలిచి ఇస్తారు, కప్పు 10 పూలాలు. బుజ్జి దుకాణం ముందు నిలబడి, ముందు పలకరింపు అయ్యాక, డబ్బు కుడి చేత్తో, ఎడమ చెయ్యి మోచేతికి ఆనించి ఇచ్చింది. అమ్మే ఆవిడ పక్క దుకాణాల వాళ్ళను కూడా పిలిచి మళ్ళీ చేయించింది. ఆ ఉత్సాహంలో బుజ్జి ఒక ఫానె నోట్లో వేసుకుంది. కరకరమని నమిలింది. "ఉప్పగా ఉంది. కొంచెం మట్టి వాసన. తల గట్టిగా ఉంది" అని చెప్పి రెండోది తీసుకుంది. కాకినాడ ఎండుచేపల వీరుడు ఒకటి చేతిలోకి తీసుకుని, చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, జేబులో వేసుకున్నారు. ఆ జేబు సంగతి ఆ సాయంత్రం ఉతికేటప్పుడు నాకు తెలిసింది.

మూడింటికి చోబె నదిలో పడవ. పార్కు రుసుముతో కలిపి పెద్దలకు 600 పూలాల దాకా అయింది. నది మధ్యలో సెదూదు అనే గడ్డి దీవి ఉంది. అవతలి ఒడ్డు నమీబియా. వాళ్ళు దీన్ని కసికిలి అంటారు. దీవి ఎవరిదని రెండు దేశాలూ హేగ్ న్యాయస్థానానికి ఎక్కితే 1999 డిసెంబరులో బోట్స్వానాదని తీర్పు వచ్చింది. దీవి మీద బోట్స్వానా జెండా ఎగురుతూ ఉంటుంది. ఏనుగులకు తీర్పుతో పని లేదు, మేత ఎక్కడుంటే అక్కడికి ఈదుతాయి. మా పడవ ముందే ఒక గుంపు నీళ్ళలో దిగింది. పెద్దవి తొండాలు పైకెత్తి మునిగాయి, పిల్ల ఏనుగు పూర్తిగా మాయమై తొండం కొస ఒక్కటి పైన తేలింది. ముందున్న తల్లి తోక దాని తొండానికి తగులుతోంది. పండు ఊపిరి బిగబట్టి చూశాడు. అవతలి గట్టెక్కి ఆ పిల్ల జారి వెనక్కి పడితే పడవలో అందరి కన్నా ముందు వాడే "లే నాన్నా" అన్నాడు. ఈ దేశంలో లక్షా ముప్పై వేల ఏనుగులు ఉన్నాయని, ప్రపంచంలో ఇంకెక్కడా ఇన్ని లేవని గైడు చెబుతున్నాడు. వాడికి ఆ ఒక్కటి గట్టెక్కితే చాలు.

మే 15, అడవిలో, ఆ తరువాత

తెల్లవారుజామున తెరచి ఉన్న జీపులో పిల్లలతో వెళ్ళేవారికి ఒక్క మాట. ఉన్నవన్నీ తొడగండి. చెవులు గడ్డకట్టే చలి. గైడు ఇచ్చిన కంబళ్ళ కింద, మొన్న కొన్న చితెంగెలో పండును నేను వీపుకు కాకుండా ముందుకు కట్టుకుని కూర్చున్నాను. అడవిలో మరుగుదొడ్లు ఉండవు. ఎవరికైనా అవసరం వస్తే గైడు జీపు ఆపి, చుట్టూ ఒకసారి చూసి వచ్చి, "వెనక టైరు చూసుకుని రండి" అంటాడు. పండు ఆ పొద్దున టైరును నాలుగుసార్లు చూసుకున్నాడు.

సింహం కనబడలేదు. దాని అడుగులు కనిపించాయి, ఇసుకలో తాజాగా. మా వెనక సీట్లలో ఉన్నవాళ్ళు నిట్టూర్చారు. మా పిల్లలు మాత్రం ఏనుగు పేడను ఉండ చేసి వెనకకాళ్ళతో తోసుకుపోతున్న పేడపురుగు దగ్గరే ఉండిపోయారు. అది ఒక చిన్న గట్టు ఎక్కుతుంది, ఉండ జారిపోతుంది, మళ్ళీ మొదలు. గైడు జీపు దిగకుండానే దాని గురించి పది నిమిషాలు చెప్పాడు. వెనకవాళ్ళు సింహం కోసం వెళదామని తొందరపెడితే, "ఇది కదులుతోంది కదా, అది ఎక్కడో పడుకుంది" అన్నాడు.

మధ్యాహ్నం విమానం. దానికి ముందు రోడ్డు పక్క చెక్క బొమ్మల దుకాణం. బుజ్జి ముందుకు వెళ్ళి "దుమేలా, ర్రా" అంది. ముసలాయన ఎలా లేచావు తల్లీ అని వాళ్ళ భాషలో అడిగితే, బాగా లేచానని వాళ్ళ భాషలోనే చెప్పింది. అది ఎప్పుడు నేర్చిందో నాకు తెలియదు. ఇద్దరూ ఒక చెక్క పెట్టె మీద కూర్చున్నారు. ఆయన ఒక్కొక్క బొమ్మా చేతికిచ్చి చూపించాడు. చివరికి పండు ఒక ఏనుగును వదలకుండా పట్టుకోవడంతో ధర అడిగాం. 150 పూలాలు. మా వారు 100 అన్నారు. ముసలాయన మా వారికి జవాబు చెప్పకుండా బుజ్జి వైపు తిరిగి, "నువ్వు చెప్పు, దీనికి ఎంత ఇవ్వవచ్చు?" అన్నాడు.

"నూట యాభై," అంది బుజ్జి.

విమానం ఎక్కేలోపే పండు ఆ ఏనుగుకు ఒక దంతం విరగ్గొట్టాడు.